నలభై దగ్గర చార

జులైలో మూత బిగించదు అబ్రెహెత్.
మెదెబెర్ సంతలో రేకుల కప్పు కిందనుంచి
చెయ్యి బయటికి చాపి చూసి
"ఇవాళ గాలిలో నీళ్లున్నాయి" అంటుంది.
ఇప్పుడు మూస్తే ఈ వాన కూడా లోపలే ఉండిపోతుంది,
కొండ దిగి మస్సావా చేరేసరికి
అద్దానికి లోపలివైపు చెమటలు పడతాయి.

అందుకే విప్పిన మీటర్లు పదకొండు
బిస్కెట్ డబ్బాల్లో పాతగుడ్డ మీద పడుకుని
ఎండ కోసం చూస్తున్నాయి.
డబ్బా డబ్బాకీ ఒక పేరు, సుద్దముక్కతో.
చెరిగిన పేర్లు దిద్దడం నా పని.
పక్కకొట్టు సమ్మెటకి బల్ల అదిరినప్పుడల్లా
మరలు దొర్లకుండా అరచెయ్యి అడ్డం పెట్టడం కూడా.

ఉక్బాజ్గి ఫియట్‌ది మొన్న విప్పింది.
చుట్టూ రేకు మడత,
కజ్జికాయ అంచు నొక్కినట్టు దగ్గర దగ్గరగా.
దానికి పదును లేని కత్తి కావాలి.
పదునున్నది తొందరపడుతుంది.
ఇక్కడ వెంట్రుకంత లేపి, తిప్పి,
అక్కడ వెంట్రుకంత,
మూడు చుట్లు తిరిగొస్తేగానీ
రేకు పట్టు వదలదు.
పోయినేడు నేను మొదటి చుట్టులోనే చించేశాను.
ఆ చిరిగిన అంచుని మేకుకి తగిలించి
కింద నా పేరు రాసింది. ఇంకా అక్కడే ఉంది.

అద్దం ఊడింది. లోపలి రబ్బరు
ఎండు ఉసిరిపెచ్చులా పుటుక్కున విరిగింది.
ఒక వాసన. నూనె, దుమ్ము, ఇంకేదో.
నేను పుట్టకముందు
ఇటలీలో ఎవరో మూసిన గాలి అది,
నా ముక్కులోంచి వెళ్లిపోయింది.
తుమ్మాను.
"అంకెల మీది ఆకుపచ్చ మెరుపు గీకకు,
గీకితే రాత్రిళ్లు నువ్వు మెరుస్తావు" అంది అబ్రెహెత్.
నవ్వకుండానే.

ముల్లును ముల్లుతోనే తీయాలంటారు.
ఈమె రెండు టీచెంచాలతో తీస్తుంది,
అటొకటి ఇటొకటి ఆనించి, ఊపిరి బిగబట్టి.
ముల్లు వచ్చింది.
దాని కింద ఇంకో ముల్లు ఉంది.

ఎవరూ గీసింది కాదు. ఎండకి అందనిది.
పలకంతా వెలిసి టీరంగుకి తిరిగితే
ముల్లు కప్పి ఉంచిన సన్నటి చార మాత్రం
మొదటినాటి నలుపు.
సున్నా దగ్గర కాదు, నలభై దగ్గర.

కబురు పెడితే వచ్చాడు ఉక్బాజ్గి.
చూసి నూనెడబ్బా మీద కూర్చుండిపోయాడు.
పెట్రోలు దొరకని ఏళ్లలో
చక్రాలు అమ్మేసి, ఇటుకల మీద ఎక్కించాడట బండిని,
పడమటి ఎండకి ఎదురుగా.
తుప్పుపట్టిన స్ప్రింగు
ముల్లుని వెనక్కి పిలవడం మరిచిపోయింది.
వెనకసీట్లో కోళ్లు పొదిగాయట.
"తొమ్మిదేళ్లు" అన్నాడు, "గంటకి నలభై చొప్పున."
నేను బల్ల మీద సుద్దతో లెక్కేశాను.
ముప్పై ఒక్క లక్షలు దాటింది.
చందమామ దాకా నాలుగుసార్లు వెళ్లి రావచ్చు.
చెప్తే ఇద్దరూ నా వంక చూశారు.

"చార ఉంచనా?" అడిగింది.
ఉంచమంటాడనుకున్నాను.
"వద్దు, నలుపు వెయ్యి.
ఎక్కినవాడల్లా అడుగుతాడు, ఎందరికని చెప్పను."
మూడు వెంట్రుకల కుంచెతో
అంకెల్ని ముట్టకుండా, వాటి చుట్టూరా
రెండు పూతలు వేసింది.
చార ఎక్కడుందో ఇప్పుడు నాకు తెలుసు, ఆమెకి తెలుసు.

సెప్టెంబరు రెండో వారంలో ఒక పొద్దున
చెయ్యి చాపి, ఏమీ అనకుండా డబ్బాలు దించింది.
కొత్త రబ్బరు. తుడిచిన అద్దం.
ఆలివ్ కొయ్యపుల్లతో మడత నొక్కుతూ
మళ్లీ మూడు చుట్లు.
అడుగున సూదిమొనంత రంధ్రం వదిలేసింది.
"పూర్తిగా బిగిస్తే దిగుళ్లలో అద్దం పగులుతుంది,
దానికీ ఊపిరాడాలి."

ఆ చివరి నొక్కుకి ముందు
పక్కకొట్టు పిల్ల కాఫీగింజలు వేయిస్తోంది,
పొగ మా బల్ల మీదుగా వెళ్లింది.
ఎప్పుడో ఎవడో పదును లేని కత్తితో విప్పి
తుమ్ముతాడు.